దాచిన చిత్రము

మా తల్లిగారికి నీటికాసుల వ్యాధి. పాదరసపు మానమున 10 మొదలు 21 మిల్లీమీటర్ల వఱకుండవలసిన కంటిపీడనము 48కి పెరుగగా శస్త్రచికిత్స చేయించితిమి. అది యొక్కసారిగా 8కి దిగెను. మఱునాటి ఛాయాచిత్రమున రెటీనాపై నెత్తుటి చుక్కలు కనబడెను. ఒత్తిడి హఠాత్తుగా తొలగినచో సన్నని రక్తనాళములు చిట్లవచ్చుననియు, ఆ నెత్తురు చాలమందికి కొన్ని వారములలో తానే యింకిపోవుననియు, అంతవఱకు చిత్రములు తీసి పోల్చి చూడవలెననియు వైద్యురాలు చెప్పిరి.

తల్లిగారు బెదరుదురని మేము చిత్రమును దాచితిమి. స్త్రీవిద్యపై నుపన్యాసము లిచ్చు మేమే! మూడవనాడు వారు, "నాయనా, కన్ను నాది గదా, నాకు చూపవా?" అనిరి. సిగ్గుపడి యిచ్చితిమి. రెండవ కంటితో చుక్కలు లెక్కించిరి: 17. పక్షమునకొక చిత్రము వచ్చినకొలది లెక్క తామే వ్రాసికొనిరి. నాలుగవదానిలో రెండు మిగిలినవి. వానిని మాకు వ్రేలితో చూపిరి.