అరకులో రొట్టెల లెక్క

మొన్న షాబాన్ సెలవులలో మైలవరం నుండి కుటుంబంతో అరకు వెళ్లాము. విశాఖ దాటాక రైలు సొరంగం వెంట సొరంగం దాటి, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో దింపింది. హోటలు గదులు మా జేబుకు అందేవి కావు. పైగా ప్రతి పూటా మాంసం హలాలేనా అని అడగడమొకటి. కనుక వంటగది ఉన్న చౌక వాటా ఒకటి అద్దెకు తీసుకున్నాము. పరదాకూ అదే అనుకూలం.

మూడు రోజుల బస కనుక మేము ముసాఫిర్లమే. జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు నాలుగుకు బదులు రెండేసి రకాతులు చదివాము. పదిహేను రోజులు ఉండాలని సంకల్పించినవారికి హనఫీల వద్ద ఈ సడలింపు లేదు.

రెండవ రోజు మా శ్రీమతి పిండి కలుపుతూ, “నమాజు సగమైంది గాని రొట్టెలు తగ్గలేదు, మౌల్వీ సాబ్!” అని నవ్వింది. ఫిఖ్హ్ గ్రంథాలు రొట్టెల లెక్క చెప్పవు. అయితే దైవప్రవక్త (స) ఇంటి పనులలో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసు బుఖారీలో ఉంది. ఏటా నా విద్యార్థులకు బోధించే హదీసే అది.

ఆ పూట నుండి పొయ్యి నాకూ పెద్దవాడికీ వచ్చింది. మా రొట్టెలు గుండ్రంగా రాలేదు. ఆమె చిన్నవాడినీ ఆడపిల్లలనూ వెంటబెట్టుకొని కాఫీ తోటలు చూసి, అసర్ వేళకు తీరికగా తిరిగి వచ్చింది.