అద్దె ఇంటి లెక్కలు

ఏప్రిల్ 9, 2025
రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును మళ్లీ పావు శాతం తగ్గించి 6కు తెచ్చింది. ఫిబ్రవరి నుంచి ఇది రెండో కోత. కూకట్‌పల్లి ఫ్లాట్ మీది అప్పు రెపోకు ముడిపడిందే కాబట్టి ఇది మా ఇంటి వార్తే. 65 లక్షల ఫ్లాట్, నిరుడు తెచ్చిన 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవయ్యేళ్ల గడువు. ఈఎంఐ 34,713. వచ్చే అద్దె 18,000. మిగతాది జీతంలోంచే.

ఏప్రిల్ 29
ఏడాది ఆస్తిపన్ను మొత్తం కట్టేశాను. ఏప్రిల్‌లోనే కడితే జీహెచ్ఎంసీ 5 శాతం తగ్గిస్తుంది. బకాయి పడితే నెలకు 2 శాతం జరిమానా పడుతుంది.

మే 18
అద్దెకున్నవాళ్లకు పుణె బదిలీ అయింది. "జూన్ ఆఖరుకి ఖాళీ చేస్తాం ఆంటీ" అని ముందే చెప్పారు. పెయింటింగ్ కింద అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలు. వెళ్లి చూశాను. గోడలకు కొత్తగా మేకు దిగలేదు, వంటింటి టైల్స్ మీద జిడ్డు లేదు. సగమే పట్టుకుంటాను. ఇల్లు ఇలా చూసుకున్నవాళ్లకు అది న్యాయం.

జూన్ 6
రెపో ఈసారి అర శాతం తగ్గి 5.5కు దిగింది. ఫిబ్రవరి నుంచి మొత్తం ఒక శాతం. నా వడ్డీ 7.5కు వస్తుంది. ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు సుమారు 2,400 మిగులుతుంది. ఈఎంఐ అలాగే ఉంచితే అప్పు రెండున్నరేళ్లకు పైగా ముందే తీరుతుంది, అంటే పది లక్షలకు పైనే కట్టక్కర్లేదు. ఈఎంఐ కదిలించను.

జూలై 2
ఆషాఢం. గేటుకు టూలెట్ బోర్డు వేలాడుతోంది. వచ్చినవాళ్లు నీళ్లు బోరా, మంజీరానా అని అడిగి, కుళాయి తిప్పి చూసి, "శ్రావణంలో చెప్తాం" అంటున్నారు. ఈ నెలలో పాలు పొంగించేవాళ్లుండరు. ఖాళీ నెలకు 18,000 అద్దె పోగా 2,500 మెయింటెనెన్స్ నా మీదే.

జూలై 9
ఖాళీగా ఉన్నప్పుడే బాత్రూమ్ పని పెట్టించాను. కింది ఫ్లాట్ సీలింగ్‌కు చెమ్మ దిగుతోంది. ప్లంబర్ నహానీ ట్రాప్ జాలీ ఎత్తి చూపించాడు: అంచు చుట్టూ సిమెంట్ ఊడిపోయి వేలు దూరేంత సందు. కెమికల్ పోసి, గ్రౌటింగ్ చేసి, రెండు రోజులు ఆరనివ్వాలన్నాడు. కాపురం ఉన్న ఇంట్లో ఆ రెండు రోజులు దొరకవు.

జూలై 25
శ్రావణం మొదటి శుక్రవారం. కొత్తగా దిగిన దంపతులు పాలు పొంగించారు. అద్దె 18,500, రెండు నెలల అడ్వాన్స్, 11 నెలల అగ్రిమెంట్. వేరే వాళ్లు 20,000 ఇస్తామన్నారు కానీ సెప్టెంబర్‌లో గానీ దిగరు. 1,500 ఎక్కువొస్తుందని ఒక్క నెల ఖాళీగా ఉంచితే, పోయిన అద్దె పూడడానికే ఏడాదికి పైగా పడుతుంది. పైగా వీళ్లు పిల్లల స్కూలు చూసుకుని వచ్చారు, నాలుగేళ్లు ఉంటామంటున్నారు. అద్దె ఇంటికి అసలైన రాబడి నిలకడగా ఉండే మనుషులే. అడిగిన రిపేరు వారంలో చేయిస్తానని మాటిచ్చాను.

సెప్టెంబర్ 6
ఐటీ రిటర్న్‌కు గడువు 15. ఏడాది అద్దె 2,16,000. ఆస్తిపన్ను 4,000 తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయిస్తే 1,48,400. కట్టిన వడ్డీ 3.37 లక్షలు. నష్టం దాదాపు 1.89 లక్షలు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించి చూపొచ్చు. కొత్త విధానంలో వడ్డీ అద్దెకే సర్దుబాటు, జీతం దాకా రాదు. పన్ను కలిసొస్తుందని ఇల్లు కొనేవాళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి.

సెప్టెంబర్ 21
తెల్లాపూర్‌లో ఇంకో ఫ్లాట్ తీసుకోమని బ్రోకర్ ఫోన్. కాగితం మీద లెక్క వేశాను. ఉన్న ఫ్లాట్ ఏడాది అద్దె 2.22 లక్షల్లో పన్ను, రిపేర్లు పోతే చేతికి రెండు లక్షల లోపు. 7.5 శాతం చొప్పున అది 26 లక్షల అప్పుకే వడ్డీ. నా బాకీ 39 లక్షలు. ఫ్లోటింగ్ రేటు గృహరుణం ముందే తీరిస్తే జరిమానా లేదు కాబట్టి దీపావళి బోనస్ అసలుకే జమ. బాకీ 26 లక్షలకు దిగాక రెండో ఫ్లాట్ సంగతి చూద్దామని బ్రోకర్‌కు చెప్పేశాను.