హార్ట్స్ కొండలలో నా సైకిలు ప్రయాణము

మన పాఠశాలా పత్రికకు పూర్వవిద్యార్థిగా ఒక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకులు గారు కోరిరి. విదేశమునకు పోయినవాడు కనుక గొప్ప పట్టణములను గూర్చియు, ఆకాశమునంటు మేడలను గూర్చియు వ్రాయునని వారు తలంచియుందురు. నేను వ్రాయబోవునది వెండికొరకు త్రవ్వి విడిచిన కొండలను గూర్చియు, ఆ కొండలలో ఒక దినము సైకిలుపై తిరిగి పడిన పాట్లను గూర్చియు. ఇందులో నేనీ పాఠశాలలో చదువుచున్న దినములలో చేసిన తప్పొకటి కూడ రాకతప్పదు.

జర్మనీ దేశమునకు ఇంచుమించు నడుమ హార్ట్స్ అను కొండలు కలవు. వాని పైభాగమున క్లౌస్తాల్ అను చిన్న పట్టణమున్నది. అచ్చట 1775వ సంవత్సరమున గనుల విద్య నేర్పుటకై ఆరంభమైన పాఠశాలయే నేడు విశ్వవిద్యాలయమైనది. 2022లో నేను ఉన్నతవిద్యకై అచ్చటికి చేరితిని. ఊరినడుమ పెద్ద దేవాలయమొకటి కలదు. 1642లో ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమంతయు కొయ్యయే. దానికి సమీపముననే రాబర్ట్ కోఖ్ జన్మించెను. అతని తండ్రి గనుల ఉద్యోగి. ఆ కుమారుడే కలకత్తాకు వచ్చి, 1884లో అచ్చటి చెరువునీటిలో సయితము కలరా క్రిమిని కనుగొనెను. జీవశాస్త్ర పాఠములో ఆయన పేరు వల్లించిన మన పిల్లలకు ఈ సంగతి ఆసక్తి కలిగించునని వ్రాసితిని.

కొండదారులకై ప్రత్యేకముగా చేయు సైకిలు చూచుటకు మోటుగా నుండును. దాని చక్రములు లావు. ముందరి కాళ్లకు స్ప్రింగులుండును. క్రొత్తది కొను స్తోమత లేక, చదువు ముగించి పోవుచున్న ఒక విద్యార్థి వద్ద పాతది కొంటిని. బ్రేకు వేసినపుడెల్ల అది దున్నపోతువలె రంకెవేసెడిది. 2023 జూన్ మాసమున ఒక శనివారము ప్రాతఃకాలమున రొట్టెయు, నీళ్లసీసాయు సంచిలో పెట్టుకొని బయలుదేరితిని.

మొదట బుంటెన్‌బోక్ అను పల్లె. పూర్వము ఈ ఊరివారు గుఱ్ఱపుబండ్లపై గనులనుండి ఖనిజమును తోలెడివారట. ఇండ్లు చిన్నవి, గోడలకు పలకలు బిగించినవి. కిటికీల క్రింద పూలతొట్లు. పల్లెచుట్టును చెరువులే. ఒకదాని కట్ట దిగకమునుపే వేరొకదాని నీరు కంటబడును. పై చెరువు నిండి క్రింది చెరువునకు, అది నిండి మఱియొకదానికి నీరు పారును. మన గొలుసుకట్టు చెరువులు చూచినవారికి ఇది క్రొత్తగాదు. కట్టపై సైకిలు నిలిపి చూచితిని. చెరువులో కొయ్యతో కట్టిన చిన్నగది యొకటి యుండెను. దానికి కట్టనుండి సన్నని వంతెన. ఆ గదిలోనుండి నిలువు కొయ్యనొకదానిని పైకి లాగినచో అడుగున తూమునకు బిగించిన బిరడా లేచి నీరు బయటికి వచ్చును. మన పాత చెరువుల తూములకును రాతికంబముల నడుమ ఇట్టి కొయ్యబిరడాయే యుండెడిది గదా! ఆరువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున, పరస్పరము ఎరుగని రెండు జాతుల పనివాండ్రు ఒక్క తీరుగ ఆలోచించిరని తోచి కొంతసేపు అచ్చటనే నిలిచిపోతిని.

అయితే ఒక భేదము కలదు. మనవారు పైరు పండించుటకు చెరువులు త్రవ్విరి. వీరు వానిని కట్టినది పొలమునకు గాదు, భూమిలోపలి చీకటికొరకు. వెండియు సీసమును వెదకుచు లోనికి పోయినకొలది గనిలో నీరు ఊరును. ఆ నీటిని తోడకున్న పనిలేదు. ఆవిరియంత్రము గాని విద్యుత్తు గాని లేని కాలము. కాబట్టి పైని కురిసిన వాననీటితో పెద్ద చక్రములను త్రిప్పి, ఆ చక్రముల బలముతో లోపలి నీటిని పైకి తోడిరి. ఖనిజమును పైకి లాగుటకును, రాతిని దంచుటకును, కొలిమి తిత్తులను ఊదుటకును అదే నీరు. కొండ నెత్తిమీద ఏరులు చాలవు గనుక చినుకు చినుకును పట్టి నిలుపవలసి వచ్చెను. ఇట్లు కొన్ని శతాబ్దములలో కట్టిన చెరువులలో నూరింటికి పైగా నేటికిని గుర్తింపదగియున్నవి; కాలువలు మున్నూరు కిలోమీటర్లకు పైమాటయే. 2010లో ఈ జలనిర్మాణమంతయు యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది. క్లౌస్తాల్ గనులు మాత్రము 1930లోనే మూతపడెను. నేడు ఆ చెరువులలో పిల్లలు ఈదుచున్నారు.

అచ్చటినుండి ష్పెర్బర్‌హై కట్ట చేరితిని. ఇది చెరువుకట్ట కాదు. 1732 మొదలు 1734 వరకు కట్టిన ఈ కట్ట ఒక పల్లమును దాటించి కాలువను తీసికొనిపోవును. పొడవు కిలోమీటరునకు కొంచెము తక్కువ. దానిపై కాలువ ప్రక్కన బాట చదునుగా నుండుటచే సైకిలు హాయిగా సాగెను. నీరు ఎంత మెల్లగా వాలునో బాటయు అంతే వాలును. ఇంత దూరము సమమట్టముగ కాలువ తీసిన ఆనాటి కొలతగాండ్రకు నమస్కరింపవలెను.

ఆ సుఖము ఎంతోసేపు నిలువలేదు. బ్రూక్‌బెర్గ్ కొండ ఎక్కుట మొదలుపెట్టగానే నా ఊపిరి నాకే వినరానంత బిగ్గరగా వినవచ్చెను. తెల్లని జుట్టుగల అవ్వలిద్దరు బ్యాటరీ సైకిళ్లపై చిరునవ్వుతో నన్ను దాటిపోయిరి. నేను దిగి తోసికొనుచు పోతిని. కొండపై చెట్లన్నియు నిలువునా చచ్చి బూడిదరంగుతో నుండెను. గనులకు దూలములును బొగ్గును కావలసి పూర్వులు అడవిని నరికి, త్వరగా పెరుగునని ఒక్క స్ప్రూస్ జాతినే వరుసగా నాటిరి. 2018 మొదలు వరుసగా వచ్చిన అనావృష్టికి ఆ చెట్లు నీరసింపగా బెరడు తొలుచు పురుగు పట్టినది. మొదళ్లలో మాత్రము చిన్న చిన్న మొక్కలు, పలుజాతులవి, పచ్చగా లేచుచున్నవి.

వేరులపై నుండి దిగుచుండగా చక్రము జారి బోరగిలపడితిని. మోకాలు దోకుకొనిపోయినది, ముందరి టైరు గాలి పోయినది. కుంటుచు ఓడర్ చెరువు కట్ట చేరి, సైకిలును తలక్రిందుగ నిలిపి, ట్యూబు బయటికి లాగుటకు పెనుగులాడుచుంటిని. ఇంతలో అరువదియేండ్లుండదగిన పెద్దమనిషి యొకడు తన సైకిలు దిగి, మాటలేకయే నా చేతిలోని పనిముట్టు తీసికొని ట్యూబునకు పట్టీ వేయసాగెను. బాడ్ గ్రుండ్ గనిలో పనిచేసినాడట. ఈ కొండలలో కట్టకడపట మూతపడిన లోహపు గని అదియే, 1992లో. నేను గనుల విద్యార్థినని తెలిసి, "మీ తండ్రిగారేమి చేయుదురు?" అని అడిగెను.

చదువరులారా, ఈ ప్రశ్న నాకు క్రొత్తగాదు. నేను ఆరవతరగతిలో చేరిన దినమున మన పాఠశాలలోనే ఒక ఉపాధ్యాయుడు గారు ఇదే ప్రశ్న వేసిరి. మా తండ్రి బొగ్గుగనిలో పంపు ఖలాసీ. భూమిలోపల ఊరు నీటిని పంపుతో తోడించుట ఆయన పని. డ్యూటీ దిగి వచ్చునపుడు కంటిరెప్పల అంచున కాటుకవలె బొగ్గు నిలిచియుండెడిది. ప్రక్కన కూర్చున్న బాలుడు తన తండ్రి తాసిల్దారు కచేరీలో గుమాస్తాయని చెప్పగా విని, నేనును "ఆఫీసులో గుమాస్తా" అంటిని. ఆ అబద్ధము నిలుపుకొనుటకై తల్లిదండ్రుల సభ జరిగిన దినమున ఆయనకు కబురే చెప్పలేదు. ఆయనకు తరువాత తెలిసినది. ఒక్క మాటయు అనలేదు. నాటినుండి మాత్రము నా యెదుట గనిమాట ఎత్తుట మానిరి. నేనును అడుగలేదు. ఆయన పంపిన సొమ్ముతో గనుల విద్య చదువుటకు ఖండాంతరము పోయితిని గాని, ఆయన గనిలో ఎన్ని మెట్లు దిగెడివారో నాకు తెలియదు.

ఓడర్ కట్టపై ఆ ప్రశ్న వినగానే, ఇన్నేండ్లకును, పాత మాటయే నాలుక చివరకు వచ్చినది. దానిని మ్రింగి, "బొగ్గుగనిలో నీరు తోడెడివారు. ముప్పదియేండ్లు" అంటిని. ఆ పెద్దమనిషి పట్టీ వేయుట ఆపి, చేయి ప్యాంటుకు తుడుచుకొని నాకందించి, "గ్లుక్ ఔఫ్" అనెను. అది ఆ దేశపు గనిపనివాండ్ర పలుకరింపు. ఖనిజము దొరకవలెననియు, క్షేమముగ పైకి రావలెననియు ఆ మాటలో భావము. "అది మీ తండ్రిగారికి చెప్పుము" అని, చక్రము బిగించి, తన దారిని పోయెను.

ఆ కట్టను గూర్చి రెండుమాటలు వ్రాయవలెను. 1715 మొదలు 1722 వరకు దీనిని కట్టిరి. అంతకుముందటి కట్టలలో నీరు ఇంకకుండ పచ్చికగడ్డలు కూర్చెడివారు; దీనిని మాత్రము గ్రానైటు రాళ్లతో కట్టి నడుమ గ్రానైటు ఇసుక కూరిరి. నూటయేబది యేండ్లకు పైగా జర్మనీలో ఇంతకంటె పెద్ద జలాశయము లేకుండెను. దీనినుండి రేబెర్గ్ కాలువ బయలుదేరి కొండచరియ వెంబడి సుమారు 7 కిలోమీటర్లు సాంక్ట్ ఆండ్రెయాస్‌బెర్గ్ అను ఊరి గనులకు పోవును. శీతకాలమున కాలువ గడ్డకట్టకుండ పైన చెట్టుకొమ్మలు పరచెడివారట. కాలువను కనిపెట్టువాడు మన నీరటివానివలె ఒకడుండెడివాడు. అతని యిల్లు నేడు పూటకూళ్ల ఇల్లయినది. ఆ బాటను పాదచారులు చాలమంది నడచుచుండుటచేతను, నా మోకాటి నొప్పిచేతను సైకిలును నడిపించుకొనియే పోతిని.

సాంక్ట్ ఆండ్రెయాస్‌బెర్గ్ నిట్రమైన వీథులుగల ఊరు. అచ్చటి గని పేరు సమ్సోను. మన బైబిలు పాఠములలోని బలశాలి పేరే. 1521 మొదలు 1910 వరకు వెండి త్రవ్విన ఈ గని 810 మీటర్ల లోతు. లోపల 9 మీటర్ల అడ్డుకొలతగల చక్రమొకటి, 12 మీటర్లది మఱియొకటి కలవు. చిన్న చక్రమునకు నీటితొట్లు రెండు వరుసలుగా, ఎదురెదురు ముఖములుగ నుండును. ఏ వరుసలో నీరు వదలిన ఆ దిక్కునకు తిరుగును. ఒక దిక్కున త్రాడు చుట్టుకొని ఖనిజము పైకి, రెండవ దిక్కున ఖాళీతొట్టి క్రిందికి.

నన్ను కదలనీయనిది చక్రములు గావు, మనుష్యులు దిగు సాధనము. పూర్వము పనివాండ్రు నిచ్చెనలపైననే దిగి, దినమంతయు పనిచేసి, మఱల నిచ్చెనలపైననే ఎక్కెడివారు. ఎక్కుటకే రెండు గంటలు పట్టెడిదట. 1833లో ఈ కొండలలోనే వేరొక ఉపాయము పుట్టినది. గనిలోనికి రెండు పొడవైన దండములు వ్రేలాడును. చక్రబలమున ఒకటి పైకి లేచునపుడు రెండవది క్రిందికి దిగును. దండములకు పాదము పట్టునంత మెట్లును, చేతిపిడులును కలవు. మనిషి ఒక మెట్టుపై నిలిచి పైకి లేచి, ఆగిన క్షణమున ప్రక్క దండముపై మెట్టునకు అడుగు మార్చును. అది మఱికొంత పైకి తెచ్చును. చీకటిలో, తడిసిన మెట్లపై, ఇట్లు వందలమార్లు. మనుష్యుని పాదము వెడల్పుకంటె ఎక్కువ చోటు లేదు. కమ్మి పట్టుకొని ఆ గోతిలోనికి తొంగిచూచితిని.

ఆ రాత్రి బస్సులో తిరిగి వచ్చి ఇంటికి ఫోను చేసితిని. మొదట మోకాటి సంగతి. పిమ్మట ధైర్యము చేసి గని సంగతి చెప్పితిని. మా తండ్రిగారు చాలసేపు మాటలాడలేదు. ఫోను తెగినదనుకొంటిని.

"నీళ్లతోనే నీళ్లు తోడిన్రా?" అని మెల్లగా అడిగిరి.

"అవును నాన్నా."

"మరి ఎండకాలంల? పైన నీళ్లు లేకుంటే చక్రం ఆగదా? చక్రం ఆగితే కింద గని మునుగదా?"

ముప్పదియేండ్లు నీరు తోడినవానికే తోచు ప్రశ్న అది. మా ఆచార్యులు గారు ఒక పూటంతయు బోధించిన విషయమునకు ఆయన రెండు మాటలలో వచ్చిరి. వాన లేని నెలలలో చక్రము ఆగకుండుటకే ఓడర్ చెరువు కట్టిరని చెప్పితిని. అప్పుడు ఆయన తన గనిలో ఒక వానకాలపు రాత్రి రెండు పంపులు ఒక్కమారే ఆగిపోయిన వృత్తాంతము మొదలుపెట్టిరి. నీరు మోకాళ్లవరకు, పిమ్మట నడుమువరకు వచ్చిన వైనము, తాము ముగ్గురు తెల్లవారువరకు చీకటిలో చేసిన పని, అంతయు చెప్పిరి. అది నేను తొమ్మిదవతరగతి చదువుచున్న సంవత్సరమట. ఆ మరునాడు నన్ను బడికి పంపుటకు ఆయన లేచియే యుండిరని నాకు జ్ఞాపకము వచ్చినది. అంతకుముందు రాత్రి ఎచ్చటనుండిరో ఆనాడు నేనడుగలేదు.

"గ్లుక్ ఔఫ్" మాటను కూడ చెప్పితిని. రెండుమార్లు పలుకబోయి, నోరు తిరుగక నవ్విరి. పిమ్మట, "ఆ చెరువు తూము కాడ బిరడా ఒక్కటా, రెండా?" అని అడిగిరి. నేను చూడలేదంటిని.

"చూడాలె గదా బిడ్డా. అంత దూరం పోయి!"

మరుసటి శనివారము మోకాలికి కట్టు కట్టుకొని, ట్యూబు సామాను ఈసారి రెండింతలు సంచిలో వేసికొని, మఱల ఓడర్ చెరువునకు బయలుదేరితిని.