పదకొండు రాత్రులు మావి

మా టెలిస్కోపు మేము కొన్నది కాదు. జైసల్మేర్‌లో మా పై క్వార్టర్ అంకుల్ బదిలీ మీద వెళ్తూ ఇచ్చారు. ఆయనకూ అంతకుముందున్న వాళ్లే ఇచ్చారట. "మీరు వెళ్లేటప్పుడు ఈ కాలనీలోనే ఇంకో ఇంటికి ఇవ్వాలి" అని ఒక్క షరతు పెట్టారు. మేమిద్దరం అక్కాచెల్లెళ్లం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. బదిలీ ఇంకా ఎంతో దూరం అనుకున్నాం మరి!

దాని అద్దం వెడల్పు 114 మిల్లీమీటర్లు. మేం వాడే ఐపీస్‌తో 36 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. చూడటం తేలికే, ఫొటో తీయడమే కష్టం. అమ్మ ఫోన్‌ని ఐపీస్ దగ్గర చేత్తో పట్టుకుంటే ప్రతి ఫొటో వణికినట్టు వచ్చేది. చివరికి అట్టముక్క, రబ్బరు బ్యాండ్లతో ఫోన్‌ని కట్టేసి, మూడు సెకన్ల టైమర్ పెట్టాం. అయినా భూమి తిరుగుతూనే ఉంటుంది కదా, ఐదారు నిమిషాల్లో గురుగ్రహం పక్కకి జారిపోయేది. దాని మీది చారలు పడాలని వెలుగు తగ్గిస్తే పక్కనున్న చందమామలు మాయం. చందమామలు పడాలని పెంచితే గ్రహం తెల్లటి ముద్ద. అందుకని రాత్రికి రెండేసి ఫొటోలు.

1610 జనవరి 7న గెలీలియో గురుగ్రహం పక్కన మూడు చుక్కలు చూశాడు. నాలుగోది కొన్ని రోజుల తర్వాత దొరికింది. ఆ నాలుగింటిలో అన్నిటికన్నా దూరంగా తిరిగే కాలిస్టోకి ఒక చుట్టు తిరగడానికి దాదాపు 16.7 రోజులు పడుతుంది. అది మా ఫొటోల్లోనే తేల్చుకోవాలని వార్షిక పరీక్షలయ్యాక మొదలుపెట్టాం. మొదటి రాత్రి కాలిస్టో బాగా దూరంగా ఉంది. ఐదో రాత్రి గ్రహం వెలుగులో కలిసిపోయింది. తొమ్మిదో రాత్రికి అవతలి వైపు కొసకి చేరింది! నోట్‌బుక్‌లో పదిహేడు గళ్లు గీసుకుని రోజుకొకటి నింపుతున్నాం.

పదో రోజు నాన్నకి తిరువనంతపురం ఆర్డర్ వచ్చింది. వెంటనే చేరాలి.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి మేం షరతు మర్చిపోయినట్టు నటిద్దామనుకున్నాం. టెలిస్కోపుని పరుపుల మధ్య పెడితే లారీలో ఎవరికీ కనపడదు. నాన్నని అడిగితే "మాట ఇచ్చింది మీరు" అని మళ్లీ గిన్నెలు సర్దుకోసాగారు. తిట్టినా బాగుండేది.

పదకొండో రాత్రి ఫొటో తీశాక, ఎదురింటి ఆరో తరగతి తమ్ముడిని పిలిచి అన్నీ చూపించాం. వాడు పంజాబీ వాడు, హిందీలో చెప్పాం. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "దీదీ, మిగిలిన ఆరు గళ్లు నేను నింపనా?" మాకు కాస్త కోపం కూడా వచ్చింది, ఎందుకో.

ఇక్కడ సాయంత్రమైతే మబ్బులు. మేం వచ్చిన మొదటి వారం ఒక్క చుక్క కూడా సరిగ్గా కనపడలేదు. వాడి ఫొటోలు మాత్రం వాళ్ల నాన్నగారి ఫోన్ నుంచి వస్తూనే ఉన్నాయి. పద్నాలుగోది ఇసుక గాలి వల్ల పసుపురంగు మసక. పదిహేనో దాంట్లో వాడి వేలు అడ్డం వచ్చింది. ఆ గడిలో వేలు బొమ్మే గీశాం.

పదిహేడో రాత్రి ఫొటోలో కాలిస్టో దాదాపు మొదటి రాత్రి ఉన్న చోటే ఉంది. కింద వాడు రాశాడు: "దీదీ, వచ్చేసింది. రేపు ఏం తీయాలి?"