గోత్ర మడుగుట

మనుష్యుని గుణ మెరుగుటకు మున్నే వాని గోత్ర మెరుగగోరుట మన దేశమున ప్రాత యలవాటు. ఇది మనకే చెల్లినదని కొందరును, ప్రాచీనమతము లన్నిటను కలదని కొందరును వాదించుచుందురు. ఈ సంగతి తెలిసికొనవలె నని మేము యూదులయు క్రైస్తవులయు పవిత్రగ్రంథములలోని వంశావళులను, సామాన్యముగా చదువరులు దాటిపోవు పుటలను, శ్రద్ధతో చదివితిమి. చదివిన పిదప మాకు తోచిన దొక్కటి: వంశ మడుగుట దోషము కాదు, ఏ ప్రయోజనమునకై యడుగుచున్నామో మరచుటయే దోషము.

తెలుగు బైబిలులో ఇశ్రాయేలీయుల పండ్రెండు శాఖలకును ‘గోత్రము’ అను పేరే వాడబడినది. మాట మనదే కాని యర్థము వేరు. మనలో సగోత్రులకు వివాహము నిషిద్ధము. సంఖ్యాకాండమున దీనికి సరిగా విపరీతమగు విధి కానవచ్చును. మనష్షే గోత్రజు డగు సెలోపెహాదునకు కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా యను నైదుగురు కుమార్తెలే. కుమారులు లేనంతమాత్రమున తమ తండ్రి పేరు మాసిపోనేల యని ఆ కన్యలు మోషే యెదుటను, సమాజ మెల్ల చూచుచుండగను నిలిచి యడిగిరి. వారి మాట న్యాయ మని తీర్పు కలిగి, కుమారులు లేనిచో కుమార్తెలకు స్వాస్థ్యము చెందవలె నని శాసన మయ్యెను. పిమ్మట ఆ గోత్రపు పెద్దలు వచ్చి, వీరు పరగోత్రమువారిని పెండ్లాడినచో తమ భూమి చేయి దాటు నని మొరపెట్టగా, స్వగోత్రముననే వివాహ మాడవలె నని నిర్ణయింపబడెను. కాబట్టి యచ్చట గోత్ర మనగా ముఖ్యముగా భూమి పంపకపు లెక్క. లేవి గోత్రమునకు ప్రత్యేక భూభాగము లేదు. దేవుని సేవయు, 48 పట్టణములును వారి పాలు. యోసేపు సంతతి ఎఫ్రాయిము, మనష్షే యని రెండుపాళ్లైనందున భూమి పంపకమున పండ్రెండు లెక్క నిలిచినది.

లెక్కలు తీరినను వాదములు తీరలేదు. సమూయేలు ప్రవక్త తండ్రి యగు ఎల్కానాను ఒక గ్రంథము ఎఫ్రాయిము మన్యమువానిగా చెప్పుచున్నది. దినవృత్తాంతముల గ్రంథము ఆ వంశమును లేవి సంతతిలో చేర్చినది. ఎఫ్రాయిము దేశమున కాపుర ముండిన లేవీయు డని సంప్రదాయజ్ఞుల సమాధానము. మందిరసేవ చేసినవానికి లేవి వంశము తరువాత కల్పింపబడిన దని కొందరు పండితుల యూహ. ఏలీయా ప్రవక్తకు గ్రంథము గోత్రమే చెప్పలేదు. గిలాదు కాపురస్థు డగు తిష్బీయు డని మాత్ర మున్నది. ఆదికాండముపై యూదగురువుల ప్రాచీనవ్యాఖ్య యగు బెరేషిత్ రబ్బాలో ఇందునుగూర్చి యొక ముచ్చట కలదు. ఏలీయా గాదు గోత్రజు డని కొందరు గురువులును, బెన్యామీను గోత్రజు డని కొందరును తర్కించుచుండగా, ఆ ప్రవక్తయే వచ్చి వారి నడుమ నిలిచి, నన్నుగూర్చి మీకు వాద మేల, నేను రాహేలు సంతతివాడ నని చెప్పెనట. మన పెండ్లిపెద్దల యెదుట నిలిచియుండిన ప్రవరయు చెప్పవలసివచ్చెడిది గదా యని మాకు నవ్వు వచ్చినది.

రూతు కథ నవ్వులకు మించినది. మోయాబీయులు పదవ తరమువరకును దేవుని సమాజమున చేరరాదని ద్వితీయోపదేశకాండము శాసించుచున్నది. రూతు మోయాబు స్త్రీ. ఆమె బోయజును వివాహమాడి ఓబేదును కనెను. ఓబేదు మనుమడే దావీదు రాజు. నిషేధము మోయాబు పురుషులకే కాని స్త్రీలకు కాదని తాల్ముదున గురువులు సమన్వయించిరి. మత్తయి యేసు వంశావళిలో ఆమె పేరును దాచక వ్రాసెను. రెండు మతములును గౌరవించు రాజవంశమునకు పరదేశపు కోడలు ముత్తవ్వ యైనది.

అయిన నీ ప్రశ్న కొందరికి తలుపు మూసినదియు సత్యమే. క్రీ.పూ. 538లో పారసీక రాజగు కోరెషు సెలవీయగా యూదులు బబులోనునుండి తిరిగివచ్చిరి. అప్పుడు కొన్ని యాజకకుటుంబములవారు తమ వంశపత్రములను వెదకి కానక, యాజకత్వమునుండి తొలగింపబడి రని ఎజ్రా గ్రంథము చెప్పుచున్నది. దీనిని చదివినప్పుడు మా యింట పెరిగిన యొక యనాథబాలిక మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమె విద్యను, నడవడిని మెచ్చుకొని వచ్చినవారు కడపట గోత్ర మేమని యడిగిరి. తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పుట కల దని పురోహితుడు నచ్చజెప్పినను వారు లేచిపోయిరి. ఆమె మాతో నొక్కమాటయు ననలేదు. ఆ రాత్రి భోజనము చేయలేదు.

యూదమతమున చేరిన ఓబద్యా యను నతడు, ప్రార్థనలో ‘మా పితరుల దేవా’ యని తాను పలుకవచ్చునా యని మైమొనిడీస్ (1138–1204) నడిగెను. అట్టివాడు పలుకరాదని మిష్నాలో నొక మాట కలదు. అయినను ఆ మహాపండితుడు నిస్సంశయముగా పలుకు మనియు, అబ్రాహాము మార్గము నవలంబించినవారి కెల్ల అబ్రాహామే తండ్రి యనియు, మేము అబ్రాహామునకు చెందుదు మేని నీవు లోకమును సృజించినవానికే చెందుదు వనియు ప్రత్యుత్తర మిచ్చెను. ఈ యుత్తరము మాకు పూర్వము తెలిసియున్న నా బాలికకు చదివి వినిపించి యుందుము.

వంశము కోరుట యెల్ల గర్వ మని తలపరాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున కొన్ని దళితకుటుంబములు 1980 దశకమునుండి తాము ఎఫ్రాయిము గోత్రజుల మని చెప్పుకొనుచు యూదాచారముల ననుసరించుచున్నవి. తరతరములు పుట్టుకను చూపి యవమానింపబడినవారు పుట్టుకయందే గౌరవము వెదకికొన్నచో, మనము వారిని సాక్ష్య మడుగుటకు ముందు ఆ యవమానము నెవరు చేసిరో యడుగవలెను.

భూమి పంచుట కడిగిన ప్రశ్నతో మనుష్యుని కొలుచుట తగదు. మన యిండ్లకు సంబంధమునకై వచ్చినవారిని గుణ మడుగుదము, చదు వడుగుదము, ఆరోగ్య మడుగుదము. గోత్ర మడుగవలసివచ్చినచో, ఎందుల కని ముందు మనలను మన మడిగికొందము.