అంట్లూ, ఉప్పూ, నమ్మకమూ

తెలుగులో ‘అంటు’ అన్న చిన్నమాటకు ఎంత పెద్ద సంసారముందో చూడండి. కొమ్మకు కడితే అంటు మామిడి. ఒకరినుంచి ఒకరికి పాకితే అంటురోగం. భోజనాలయ్యాక గిన్నెలను వదలక పట్టుకొని ఉంటే అంట్లు. తాకడం, పట్టుకోవడం, వదలకపోవడం మూడూ ఆ రెండక్షరాలలోనే ఇమిడి ఉన్నాయి. ద్రౌపది అక్షయపాత్ర అంచున అంటుకొని మిగిలిన చిన్న శాకశకలం దుర్వాసుని కోపంనుంచి పాండవులను కాపాడిందని విన్నవాళ్లం మనం. ఆ లెక్కన సరిగా తోమని గిన్నెకూ పురాణంలో ఒక గౌరవస్థానం ఉన్నట్లే! నిత్యజీవితంలో మాత్రం ఎవరో ఒకరి చేతులు అరిగితే తప్ప ఆ అంటు వదలదు.

మా ఇంట్లో ఆ చేతులు మా శ్రీమతివి, పనికి వచ్చే ఆమెవి, ఉద్యోగ విరమణ తరువాత నావీ. శ్రీమతికి కీళ్లవాతం. వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. బరువు గిన్నెలు ఎత్తవద్దనీ, పీచు పట్టి గట్టిగా రుద్దవద్దనీ వైద్యులు చెప్పి చాలాకాలమైంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి పనామె రాలేని రోజులలో ఒక డిష్‌వాషర్ కొన్నాం. కిందటి వేసవిలో అది హఠాత్తుగా ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ తలుపు విప్పి చూసి, కంట్రోల్ బోర్డు కాలిపోయిందన్నాడు. ఆ నమూనా తయారీ మానేశాం గనుక బోర్డు దొరకదని కంపెనీవారు సెలవిచ్చారు. నిగనిగలాడే నిలువెత్తు దేహం అలాగే ఉంది. ప్రాణం మాత్రం అరచేయంత పలకలో ఉండి, పోయింది.

కొత్తది కొనక తప్పలేదు. ఈసారి అందమైనది అక్కరలేదు, చవకైనదీ అక్కరలేదు, నమ్మదగినది కావాలి. అరవై దాటినవాడిని, నా మరమ్మతులే నాకు చాలినన్ని ఉన్నాయి. ‘నమ్మదగినది’ అంటే ఏమిటో తేల్చుకోవడానికి మూడు వారాలు తిరిగాను. ఆ మూడు వారాలూ సాయంకాలపు అంట్లు నావే. తేలినదేమంటే, నమ్మకంలో యంత్రం వంతు సగమే. మిగిలిన సగం ఇంటి పాత్రలలో, నీటిలో, మరమ్మతు చేసే మనిషిలో, గిన్నెలు సర్దే చేతిలో ఉంది. ఒక్కొక్కటీ విన్నవిస్తాను.

ముందు పాత్రల సంగతి. దుకాణంలో మొదట చెప్పేది ‘ప్లేస్ సెట్టింగ్’ లెక్క: పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదహారు. ఒక మనిషి భోజనబల్ల దగ్గర కూర్చుంటే అతని ముందుంచే పళ్లేలు, గిన్నె, గ్లాసు, కప్పు, సాసరు, చెంచాలు, కత్తి, ముళ్లచెంచా కలిపి ఒక సెట్టింగ్. అన్నం వార్చే గిన్నెకు, పులుసు కాచే గిన్నెకు ఆ లెక్కలో చోటు లేదు. ఉండదు కూడ, ఎందుకంటే ఈ యంత్రం పుట్టినదే పింగాణి పళ్లేలకోసం. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు షెల్బీవిల్‌లో ఉండిన జోసెఫీన్ కాక్రన్ అనే గృహిణి 1886 డిసెంబరు 28న దీనికి పేటెంటు పొందారు. పనివారు తోమేటప్పుడు తన పింగాణి పళ్లేలు పెచ్చులూడుతున్నాయన్న బాధే ఆమెను ఈ పనికి పురికొల్పిందని చెబుతారు. పళ్లేల కొలతకు తీగలతో గదులు అల్లి, వాటిపై సబ్బునీటిని ఒత్తిడితో చిమ్మించారు. భర్త 1883లో అప్పులు మిగిల్చి కన్నుమూశాడు. ఈ యంత్రమే ఆమెకు ఆధారమైంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రాలను జనం చూశారు. ఆ ప్రదర్శనకు అనుబంధంగానే ఆ సెప్టెంబరులో సర్వమత మహాసభ జరిగింది. మనవారికి చికాగో అనగానే వివేకానందుని ఉపన్యాసం గుర్తుకు వస్తుంది. అదే ఊళ్లో, అదే ఏడు, అంట్లు తోమే యంత్రం కూడ లోకానికి తన మాట చెప్పుకొన్నది.

పళ్లేలకోసం పుట్టినదానితో గిన్నెలు తోమించాలంటే కొలుచుకోక తప్పదు. అందుకు మా శ్రీమతి సులువైన మార్గం కనిపెట్టింది. కూకట్‌పల్లిలోని దుకాణానికి పెద్ద సంచీలో అన్నం గిన్నె, పులుసు గిన్నె, రెండు కంచాలు, ఒక పొడుగు గ్లాసు, పొడుగు గరిటె పెట్టుకొని వచ్చింది. దుకాణం కుర్రవాడు తెల్లబోయాడు. “అమ్మా, ఇది డెమో పీసు” అన్నాడు. “అందుకేనయ్యా, డెమో చూద్దామనే తెచ్చాను” అన్నది. పై అరను ఎత్తి, కింది అరలో పులుసు గిన్నెను బోర్లించి, నీళ్లు చిమ్మే రెక్కను వేలితో తిప్పి చూసింది. ఒక యంత్రంలో గరిటె కాడ రెక్కకు తగిలింది. రెక్క తిరగకపోతే లోపల స్నానమే లేదు. ఆ ఒక్క పరీక్షతో రెండు నమూనాలు పోటీనుంచి తప్పుకొన్నాయి. పై అర ఎత్తు మార్చుకొనే వీలు, కింది అరలో పళ్లేలు నిలిపే ముళ్లను మడిచే వీలు మన వంటింటికి చాలా అవసరమని అక్కడే తెలిసింది.

దీనిలో పెట్టకూడనివీ ఉన్నాయి. అల్యూమినియం కుక్కరు నల్లబడుతుంది. నూనె పట్టి నునుపెక్కిన ఇనుప మూకుడు ఆ నునుపు పోగొట్టుకొని తుప్పు పడుతుంది. ఇత్తడి, రాగి కళ తప్పుతాయి. చెక్క గరిటెలు పగులుతాయి. దేవుడి సామాను, మూకుళ్లు చేతి తోముడుకే ఉంచుకోవాలి. శ్రీమతికి ఇంకొక సందేహం: “ఎంగిలి కంచాలూ వంట గిన్నెలూ ఒకే పెట్టెలోనా అండీ?” చాదస్తమని నవ్వేయవలసిన ప్రశ్న కాదిది. ఆ ఇంటి మనసు ఒప్పకపోతే ఎంత మంచి యంత్రమైనా బట్టలు ఆరేసుకొనే అలమారు అవుతుంది. అందుకని సగం నింపినా నడిచే వీలున్నదే చూశాం. మధ్యాహ్నం వంట గిన్నెలు, రాత్రి కంచాలు. ఆవిడ మనసూ నిలిచింది, యంత్రమూ నడుస్తున్నది.

ఇక నీరు. అసలు కథంతా ఇక్కడే ఉంది. టెక్సస్‌లో ఉన్న మా అమ్మాయి, “పదేళ్లలో ఒక్కసారి కూడ ఉప్పు వేయలేదు నాన్నా, ఉప్పు గది లేనిది కొనండి, ఒక బాధ తప్పుతుంది” అన్నది. అక్కడి యంత్రాలలో చాలావాటికి ఆ గదే ఉండదు. పైగా అవి ఇంట్లోని వేడినీటి గొట్టానికి తగిలించి ఉంటాయి. ఇక్కడ కొనేవి చన్నీరు తీసుకొని తామే కాచుకొంటాయి. మా అపార్టుమెంటులో నగరపాలక నీరు, బోరునీరు, వేసవిలో ట్యాంకరు నీరు మూడూ ఒకే తొట్టిలో కలుస్తాయి. పరీక్ష కాగితం ముంచి చూస్తే కాఠిన్యం లీటరుకు 450 మిల్లీగ్రాములు తేలింది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పిన హద్దు 200. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకొంటారు. యంత్రపు కరదీపికలలో మాత్రం జర్మను డిగ్రీల లెక్క ఉంటుంది. మన అంకెను 17.8తో భాగిస్తే ఆ డిగ్రీ వస్తుంది. మాది ఇరవైఅయిదు.

ఈ కాఠిన్యం సున్నపు ఖనిజాలది. నీరు కాగితే అవి తెల్లటి పెచ్చుగా హీటరుకు పడతాయి, గ్లాసులపై పొరలా నిలుస్తాయి. దానికి విరుగుడుగా యంత్రం అడుగున రెజిన్ పూసలుంటాయి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పూసలకు పట్టుకొంటాయి, వాటి స్థానంలో సోడియం నీటిలోకి వస్తుంది. వ్యాకరణ పాఠంలో ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువువలె వచ్చి ఉన్నదానిని తొలగించి ఆ పీటమీద తాను కూర్చుంటుందనీ చెప్పేవాళ్లం. ఇది అచ్చంగా ఆదేశమే! పూసలు కాల్షియంతో నిండిపోయాక ఉప్పునీరు పారించి వాటిని కడిగితే మళ్లీ సోడియం వచ్చి చేరుతుంది. ఉప్పు గది ఉన్నది ఇందుకు. వంట ఉప్పు దీనికి పనికిరాదు. అది గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఇక్కడ అడ్డు. దీనికోసమే అమ్మే గరుకైన శుద్ధమైన ఉప్పే వాడాలి. ఎన్ని డిగ్రీల వరకు ఈ ఏర్పాటు తట్టుకొంటుందో కరదీపికలో చూసి, మన అంకెతో సరిపోల్చుకొని కొనాలి. తెచ్చిన రోజే ఆ అంకెను యంత్రానికి చెప్పాలి కూడ. ఇది చేయకుండా “గ్లాసులు తెల్లబారుతున్నాయి” అనడం, ఛందస్సు చూడకుండా పద్యం కుంటుతున్నదనడం వంటిది.

నీటి ఒత్తిడి మరొక సంగతి. నేను చూసిన కరదీపికలలో కనీసం 0.5 బార్ కావాలని ఉంది. తొట్టి మనకంటె సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉంటే ఆ ఒత్తిడి వస్తుంది. మాది అయిదంతస్తుల భవనంలో రెండవ అంతస్తు గనుక ఇబ్బంది లేదు. పై అంతస్తువారికి తొట్టి నెత్తిమీదే ఉంటుంది, వారు ముందు దీనిని విచారించుకోవాలి. ఎర్తింగు సరిగా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు దీనికి విడిగా ఉండాలి. అడుగున ఎలుకలు దూరకుండా పళ్లెం మూత ఉన్నదో లేదో వంగి చూడండి. గొట్టాలు కొరికే ఆ గణపతి వాహనానికి వారంటీ పత్రం చదవడం రాదు.

పాత యంత్రం నేర్పిన పాఠం మరమ్మతుది. బాష్, సీమెన్స్, ఐ.ఎఫ్.బి., ఎల్.జి. వంటి పేర్లన్నీ దుకాణంలో వరుసగా నిలబడి ఉంటాయి, అమ్మేవాడికి అన్నీ ఉత్తమమైనవే. నేను కొనకముందే మూడు కంపెనీల సేవాకేంద్రాలకు ఫోను చేశాను. మురికినీరు తోడే పంపు ధరెంత? కంట్రోల్ బోర్డు ధరెంత? అవి ఈ ఊళ్లోనే దొరుకుతాయా? నమూనా మానేశాక భాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి? ఒకచోట ఎవరూ ఎత్తలేదు. ఒకచోట “ముందు యంత్రం నంబరు చెప్పండి” అన్నారు. మూడవచోట ఒకాయన రెండు ధరలూ చెప్పి, పంపు తమ దగ్గరే ఉందనీ, బోర్డు తెప్పించడానికి వారం పడుతుందనీ, కరెంటు హెచ్చుతగ్గులుంటే స్టెబిలైజరు పెట్టుకొమ్మనీ చెప్పారు. “ఇంతకీ ఏమి చెడిపోయిందండీ?” అని అడిగారు. ఇంకా కొనలేదన్నాను. ఒక క్షణం ఆగి నవ్వారు. ఆ మూడవదే కొన్నాం.

చివరిది, గిన్నెలు సర్దే చేయి. కొత్త యంత్రం వస్తున్నదని విన్న రోజున పనామె చీపురు పట్టుకొని గడపలో నిలబడి, “మిషను మళ్లీ వస్తే నన్ను మాన్పిస్తారా అమ్మా?” అని అడిగింది. పాతది ఉన్నప్పుడూ ఆమె ఉన్నది, అయినా అడిగింది. పక్క వాటాలో యంత్రం వచ్చిన నెలకే అక్కడ ఆమె పని పోయిందట. యంత్రాల మంచిచెడ్డలు బేరీజువేసే ఏ పట్టికలోనూ ఈ ప్రశ్నకు గడి లేదు. మా శ్రీమతి, “నిన్ను మాన్పిస్తే దీనిని సర్దేదెవరమ్మా, ఈయనా?” అన్నది. జీతం తగ్గించలేదు. మూకుళ్లు, ఇత్తడి సామాను, యంత్రం సర్దడం ఆమెవి. కరదీపిక చదివి నేను చెప్పినదానికంటె ఆమె చూసి పట్టుకొన్నదే ఎక్కువ. ఏటవాలుగా బోర్లిస్తేనే గిన్నె అడుగు గాడిలో నీళ్లు నిలవవని ఆమే చెప్పింది. మెతుకులు దులిపి పెడితే చాలు, కడిగి పెట్టనక్కరలేదన్నదీ ఇప్పుడు ఆమెకు తెలుసు, ఎందుకంటే సబ్బులోని ఎంజైములకు గంజీ జిడ్డూ ఉంటేనే పని. వారానికొకసారి అడుగు జల్లెడ తీసి కడుగుతుంది. రోజుకు అరగంట మిగిలింది. మరొక ఇల్లు ఒప్పుకొంటావేమో అనుకొన్నానంటే, “లేదు సార్, ఇంటికెళ్లి కాసేపు పడుకుంటన్నా” అన్నది.

ఆరు నెలలైంది. ఒకసారి నడిస్తే సుమారు పది లీటర్ల నీరు, ఒక యూనిటు కరెంటు అవుతున్నది. మా శ్రీమతి వేళ్ల వాపు తగ్గలేదు, తగ్గించడం యంత్రం పని కాదు. కాని రాత్రి భోజనాలయ్యాక గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టుకొని కూర్చునే ఓపిక ఆమెకు మిగులుతున్నది. అదే నాకు చాలు.

ఇంతకీ ఏ కంపెనీ అని మీరడుగుతారని తెలుసు. పేరు చెప్పను. మా నీటికి, మా గిన్నెలకు, మా ఊరి మెకానిక్‌కు కుదిరినది మీకు కుదరాలని లేదు. ముందు మీ ఇంటి నీటి కాఠిన్యం ఎంతో చూసి చెప్పండి, తక్కినది తీరికగా మాట్లాడుకొందాం.