మంచం దగ్గరికి వెళ్లే బృందం

నయంకాని దశకు చేరిన రోగికి నొప్పి తగ్గించి, ఇంటివాళ్లకు ఆసరాగా నిలిచేది హాస్పీస్. అది డాక్టరు, నర్సులతోనే నడవదు, స్వచ్ఛంద సేవకులూ కావాలి. హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పీస్‌ను 2011లో మొదలుపెట్టింది రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ సభ్యులే. అక్కడ సేవలు ఉచితం.

అలాంటి నగరాలకు దూరంగా ఉన్న మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లు క్యాన్సర్ వైద్యానికి గుంటూరు, కర్నూలు లాంటి ఊళ్లకు పోవాల్సి వస్తుంది. గుంటూరు-గుంతకల్లు రైలు ఉంది గానీ, లేవలేని మనిషిని అందులోకి ఎక్కించడం ఎంత కష్టమో ఇంట్లోవాళ్లకే తెలుసు. ఇలాంటి చోట పడకల భవనం కన్నా గడప తొక్కే బృందమే ముందు కావాలి.

కేరళలో మలప్పురం, కోజికోడ్ ప్రాంతాల్లో సుమారు పాతికేళ్ల కిందట పుట్టిన పాలియేటివ్ (ఉపశమన వైద్య) నెట్‌వర్క్ పద్ధతి ఇదే. వారానికి కనీసం 2 గంటలు ఇవ్వగలవాళ్లను స్వచ్ఛంద సేవకులుగా చేర్చుకుంటారు. 16 గంటల తరగతులు, ఆపై 4 రోజులు రోగుల దగ్గర శిక్షణ. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీన్ని తన విధానంలోకి తెచ్చుకుంది.

ఈ సేవకుల పని పెద్ద విద్యేమీ కాదు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, నోరు శుభ్రం చేయడం ఇంటివాళ్లకు నేర్పాలి. పింఛను కాగితాలు చూసిపెట్టాలి. రాత్రంతా మేల్కొన్న కోడలు కాసేపు పడుకునేలా పక్కన కూర్చోవాలి. తరచూ మరిచేదీ, ఎక్కువ అక్కరకొచ్చేదీ ఇదే. తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రం శిక్షణ ఉన్న డాక్టరే రాయాలి. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణతో గుర్తింపున్న ఆస్పత్రులకు దాన్ని తెప్పించుకోవడంలో లైసెన్సుల చిక్కు తగ్గింది.